గంపలతో కదిలిన కొండ

ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండ కదులుతుందంటారు. తెలుగు నేల మీద కదిలిన కొండలేవి? వాటిని మోసిందెవరు?

ఒంగోలు ఊళ్లో ఒక కొండ ఉంది. శ్రీశైలం దారి ఎరిగినవాళ్లు దాన్ని కొండ అనరు, గుట్ట అంటారు. పాత మిషన్ పుస్తకాల్లో దాని పేరు ప్రేయర్ మీటింగ్ హిల్. విశ్వాసులకు అది ప్రార్థన కొండ. 1854 జనవరి 1న, ఇంకా తెలతెలవారుతుండగా, ఐదుగురు దాన్ని ఎక్కారు. నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వాళ్లతో ముగ్గురు తెలుగువాళ్లు: నరసు, జూలియా, రూతు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లన్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఈ కథ ఎక్కడ విన్నా జూయెట్ దొర పేరే ముందు వినబడుతుంది.

అప్పటికి ఒంగోలులో వాళ్లకు గుడి లేదు, సంఘం లేదు. ఆ చీకట్లో మోకాళ్లూని వాళ్లు అడిగింది మహాద్భుతమేమీ కాదు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమన్నారు, అంతే. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్లు దాటింది. జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో. ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న. కొండ మీద ప్రార్థన చేసిన రోజుకు సరిగ్గా పదమూడేళ్లు.

ఆ మధ్యకాలం మరీ గడ్డుకాలం. అసలు కొండెక్కడానికి ముందే, 1853లో ఆల్బనీ నగరంలో మిషన్ పెద్దలు కూర్చుని తెలుగు మిషన్ మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. అన్నేళ్లు, అంత ఖర్చు, చేరింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న ఆ స్థావరం మీద శామ్యూల్ స్మిత్ అనే ఆయన రాత్రికి రాత్రి ఒక పద్యం రాసి తెచ్చి చదివాడు. అందరి మనసూ కరిగింది, మిషన్ బతికింది. 1862లో జూయెట్ జబ్బుపడి అమెరికా వెళ్లేసరికి మళ్లీ అదే మాట. మీరు పంపినా పంపకపోయినా నేను తెలుగువాళ్ల మధ్యకే పోయి అక్కడే చస్తానని ఆయన తెగేసి చెప్పాడని మిషన్ చరిత్రలు చెబుతాయి. 1865లో క్లౌని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు.

కొండ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. అంగుళం జరగలేదు.

కొండను కదిలించే విశ్వాసం మీద ప్రసంగం విన్నప్పుడల్లా నాకు ఈ కదలని కొండే గుర్తొస్తుంది. మన ప్రసంగాల్లో కొండ ఎప్పుడూ ఒక్క కేకతో లేచిపోతుంది. మన చరిత్రలో మాత్రం అలా లేచిపోయిన కొండ ఒక్కటీ లేదు. కదిలిందంతా గంపలకెత్తుకుని మోసిందే.

పిండి కొట్టడం

ముందు ఆ మాట ఎక్కడిదో చూద్దాం. మత్తయి సువార్త పదిహేడో అధ్యాయంలో మూర్ఛరోగంతో నిప్పుల్లోనూ నీళ్లలోనూ పడిపోయే కొడుకును తీసుకుని ఒక తండ్రి వస్తాడు. శిష్యులు ప్రయత్నించి చేతులెత్తేస్తారు. మావల్ల ఎందుకు కాలేదని చాటుగా అడిగితే యేసు ఆవగింజ పోలిక చెబుతాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొండ మాట వచ్చింది విజయోత్సవ సభలో కాదు, శిష్యులు ఓడిపోయి తలొంచుకున్న చోట. పైగా అడిగిన కొలత కొండంత విశ్వాసం కాదు, ఆవగింజంత. మన భాషలో ఆవగింజలో అరవయ్యో వంతు అని ఒక మాటుంది. అదీ చాలునేమో.

యూదుల్లో చిక్కు ప్రశ్నలను విప్పే పండితుణ్ణి కొండలు పెకలించేవాడు అని పిలిచే వాడుక ఉండేది. మనం వాడు కొండలు పిండి కొడతాడురా అన్నప్పుడు ఎవరూ సుత్తి, పార వెతకరు కదా. అదీ అలాంటిదే. జెకర్యా ప్రవక్త కూడా, కూలిన దేవాలయాన్ని తిరిగి కట్టలేక నీరసించిన జనం ముందు, పెద్ద కొండ చదునుగా మారుతుందన్నాడు. ఆ చదును చేసే పని తాపీ మేస్త్రీల చేతుల మీదుగా, రాయి మీద రాయి పేర్చగా జరిగింది.

మార్కు సువార్త పదకొండో అధ్యాయంలో ఇదే మాట ఒలీవల కొండ దారిలో వస్తుంది. ఆ ఎత్తు నుంచి దక్షిణాన హేరోదు రాజు కట్టించిన హేరోదియం కనిపిస్తుంది. అది మనిషి ఎత్తు పెంచిన గుట్ట. కోట కోసం, తన సమాధి కోసం మట్టి మోయించి మరీ దాన్ని శంకువులా నిలబెట్టించాడు. ఈ కొండ అని యేసు వేలు చూపించింది దానివైపేనేమో అని కొందరు పండితులు అనుకుంటారు. అదే నిజమైతే ఆ రోజు శిష్యుల కళ్లెదుట రెండు రకాల కదలికలు ఉన్నట్టు. ఒకటి రాజు కొరడా కింద కూలీల నెత్తిన కదిలింది. రెండోది ఏమిటో యేసు ఆ వెంటనే చెప్పాడు. ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉంటే ముందు క్షమించమన్నాడు. కొండ మాటకూ క్షమాపణ మాటకూ మధ్య ఉన్నది ఒక్క వచనం. ప్రసంగాలు చాలావరకు ఆ వచనం దగ్గర ఆగిపోతాయి. ఎందుకో తర్వాత చెబుతాను, అది మా ఇంటి సంగతి.

డప్పు కొట్టనన్న రోజు

ఒంగోలు సంఘానికి మొదటి బలం అమెరికా నుంచి రాలేదు. తాళ్లకొండపాడు నుంచి వచ్చింది. అక్కడి మాదిగవాడ మనిషి యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకుముందే గురువుల్ని ఆశ్రయించి యోగం నేర్చినవాడు, దేవుడి కోసం వెతుకులాట ఉన్నవాడు. 1866లో ఆయనా, ఆయన భార్యా బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత ఆయన చెప్పులు కుట్టేవాళ్ల మధ్య కూర్చుని చెప్పిన మాటలే ఊరూరా పాకాయి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ వాడల కథల్ని 1899లో పుస్తకంగా వేసింది. దానికి పెట్టిన పేరు, తెలుగులో చెప్పుకోవాలంటే, చెప్పులు కుడుతూ ఉండగా. పేరు పెట్టడం ఆవిడకు తెలుసు.

కొత్తగా చేరినవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి బడిపిల్లలకు చెప్పే నియమాల్లా ఉన్నాయి. ఊరి లెక్కలో మాత్రం ఒక్కోటీ ఒక్కో తిరుగుబాటు. ఆదివారం పనిలోకి రానంటే ఆసామికి ఎదురు చెప్పినట్టు. గొడ్డు చస్తే తీసుకుపోయి తినేది మాదిగవాడే అన్న ఊరి ఏర్పాటును కాదన్నట్టు. ఇక మూడోది ఇంకా పెద్దది. మొక్కనన్నవాడు జాతరలో డప్పు కూడా కొట్టడు. డప్పు లేకపోతే జాతరే లేదు.

ఊరి పెద్దలు ఊరుకోలేదు. అంగట్లో సరుకు ఇవ్వొద్దన్నారు. నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. పొలం పనులు ఆపేశారు. దొంగ కేసులు పెట్టించారు. ఆ ఇళ్లలో ఆ వారాలు ఎలా గడిచాయో రాసిపెట్టిన వాళ్లు తక్కువ. నాకు మాత్రం ఒక ఆదివారం ఉదయం కళ్లకు కడుతుంది. పనికి రమ్మని గుమ్మం ముందు నిలబడ్డ పాలేరు పెద్ద, లోపల పిల్లలకు గంజి లేదు, అయినా ఈరోజు రానయ్యా అని నెమ్మదిగా చెప్పిన మనిషి. కొండంత మాటలు లేవు. రాను అన్నది ఒక్కటే మాట. దాన్ని పై ఆదివారం మళ్లీ చెప్పాలి, ఆ పై ఆదివారం మళ్లీ చెప్పాలి.

ఆ చదువులేని మనుషుల విశ్వాసాన్ని అమాయకత్వమనేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. ఒక్క వారం కూలి వదులుకుని చూస్తే తెలుస్తుంది.

మూడున్నర మైళ్లు

1876లో వానలు ముఖం చాటేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా 1878 దాకా సాగిన ఆ కరువును మన పెద్దలు ధాత కరువు అని గుర్తుపెట్టుకున్నారు. సర్కారు కరువు పనులు పెట్టింది గానీ, ఖర్చు తగ్గించడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877లో మగ కూలీకి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మట్టి మోసిన మనిషికి అది.

ఆ కరువు పనుల్లో పెద్దది బకింగ్‌హామ్ కాలువ. కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువను పెదగంజాం దగ్గర అందుకుని సముద్రపు ఒడ్డు వెంబడి మద్రాసు దాకా పోయే కాలువ. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే దానికి పెట్టారు. అక్కడా కులం అడ్డొచ్చింది. వాడల నుంచి వచ్చిన వాళ్లను మేస్త్రీలు తరిమేయడం, పని చేయించుకుని కూలి ఎగ్గొట్టడం క్లౌ దృష్టికి వచ్చింది. క్లౌ కుర్రతనంలో సర్వేయరుగా పనిచేసినవాడు, గొలుసుతో నేల కొలవడం తెలిసినవాడు. సర్కారును అడిగి మూడున్నర మైళ్ల కాలువను తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. నా పాలెంలో వాడవాళ్లను ఎవరూ తరమరు, కూలి అణా తగ్గకుండా ఇస్తాను అన్నది ఆయన ఏర్పాటు. తెలుగు బోధకులే మేస్త్రీలయ్యారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. మూడున్నర మైళ్లంటే ఐదున్నర కిలోమీటర్ల పైచిలుకు. అంత పొడవున మనిషి మునిగే లోతు గొయ్యి తవ్వి, మట్టి ఎత్తి గట్టున పోయాలి. యంత్రాలు లేవు. గునపం, పార, తట్ట. ఒకళ్లు తవ్వితే ఇంకొకళ్లు తట్టకెత్తితే ఇంకొకళ్లు నెత్తిన పెట్టుకుని గట్టెక్కడం. మోసేవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ. కరువులో పుట్టిన కలరా పాలేల మీద పడింది. పొద్దున పక్కన తట్ట మోసిన మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. అయినా మర్నాడు మళ్లీ తట్టలు లేచాయి. కూలి ఇచ్చేటప్పుడూ, పొద్దుగూకాక పొయ్యిల ముందూ బోధకులు యేసు కథ చెప్పారు. భారం మోసేవాళ్లను రమ్మని పిలిచిన దేవుడి కథ, రోజంతా నెత్తిన మట్టి మోసినవాళ్లకు.

కొండను ఎత్తి సముద్రంలో పడవేయడమన్న మాటను తెలుగు నేల మీద అక్షరాలా చేసిందెవరంటే నాకు ఈ మనుషులే గుర్తొస్తారు. వాళ్లెత్తిన మట్టి సముద్రం పక్కనే గట్టుగా పడి ఉంది.

జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. నెలలకు నెలలు ఇవ్వలేదు. కరువు కూలి ఇస్తున్న చేత్తో బాప్తిస్మం ఇస్తే అది గంజికి అమ్ముడుపోయిన మతం అవుతుందని ఆయన భయం. సాయం డబ్బు పంచడం ఆగాకే ఆ మాట ఎత్తాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఆగడమే. అంతమంది వస్తామంటుంటే ఆపుకోవడం ఏ మిషనరీకైనా తేలిక కాదు.

1878 జూన్‌లో ఒంగోలుకు పది మైళ్లు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం కూడారు. జులై 3న ఒక్కరోజులో 2,222 మంది నదిలో దిగి బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ముంచారు. క్లౌ గట్టునే ఉన్నాడు, ఒక్కరికీ తాను ఇవ్వలేదు. జులై నెలాఖరుకు లెక్క 8,691. ఏడాది చివరికి 9,606. ప్రార్థన కొండ మీద ఐదుగురు మోకాళ్లూని ఇరవై నాలుగేళ్లు.

ఇంతమంది ఒక్కసారి చేరడం మీద విమర్శలు అప్పుడూ వచ్చాయి, ఇప్పుడూ ఉన్నాయి. గంజి క్రైస్తవులనే ఎత్తిపొడుపు ఉండనే ఉంది. నా మట్టుకు నాకు ఆ ఎత్తిపొడుపులో తర్కం కనబడదు. ఆకలితో ఉన్నవాడికి దేవుడి మీద కలిగిన నమ్మకం దొంగదీ, కడుపునిండినవాడికి కలిగింది అసలుదీ ఎట్లా అవుతుంది? తనను తరమని కాలువ గట్టునూ, తనను పేరుపెట్టి పిలిచే మేస్త్రీనీ మొదటిసారి చూసిన మనిషి అందులో దేవుణ్ణి చూశాడంటే కాదనడానికి మనమెవరం?

మెదక్‌లోనూ ఇలాంటి కథే ఉంది. 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ పెద్ద చర్చిని, కరువులో జనానికి పని దొరకాలని ఛార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించాడని చెప్పుకుంటారు. క్రిస్మస్ రోజున అక్కడికి పోయేవాళ్లు గాజు కిటికీల బొమ్మలు చూస్తారు. నేనైతే రాళ్లనే చూశాను.

పిడికెడు

మా అమ్మమ్మ పొయ్యి పక్కన రెండు కుండలుండేవి. ఒకటి ఎసరుది, రెండోది మూతి చిన్నది. పూటకు కొలిచిన బియ్యం చేటలో పోసి, కడిగేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ చిన్న కుండలో వేసేది. పెదవులు కదిలేవి, మాట వినబడేది కాదు. పిల్లలం అది దేవుడి బియ్యమని ముట్టేవాళ్లం కాదు. ఆదివారం దాన్ని గుడ్డలో మూటగట్టి గుడికి తీసుకుపోయేది. ఆరాధన అయ్యాక ఆ బియ్యమంతా ఒక్కచోట పోసి వేలం వేసేవాళ్లు. ఒక్కోసారి తాను ఇచ్చిన బియ్యాన్నే తాను వేలంలో కొనుక్కుని ఇంటికి తెచ్చేది. ఇదేం లెక్కే అమ్మా అని మా అమ్మ నవ్వేది. దేవుడి లెక్క నీకెందుకే అనేది అమ్మమ్మ.

పిడికెడు బియ్యం తీసే ఈ అలవాటును తెలుగు సంఘాల్లో పట్టుదలగా నాటినవాళ్లలో దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఒకరు. ఆయన తమిళుడు, తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై ఊరివాడు. దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని తెలుగువాళ్లలో కలిసిపోయాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ పట్టం కట్టినప్పుడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది సొంత నేల లేని కూలీలు. వాళ్లను కానుక అడగడం అన్యాయమని తోటి మిషనరీలు అనుకునే రోజుల్లో, అడగకపోవడమే వాళ్లను చిన్నచూపు చూడడమని ఆయన అన్నాడు. బిచ్చం పుచ్చుకునేవాళ్లం అనుకునే మనిషి చేతికి ఇచ్చేవాణ్ణి అన్న గౌరవం రావాలంటే కూలివాడి ఇంట్లోనూ పిడికెడు ఉండాలి. దానం చేయడం మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. కొత్తగా చేరినవాళ్ల చేత తమ నెత్తిన తామే చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చే ప్రమాణం చేయించేవాడు. సాక్ష్యం చెప్పడం పాస్టరుగారి ఉద్యోగం కాదు, కోతకు పోయే ఆడకూలీ పని కూడా అన్నది దాని అర్థం.

దోర్నకల్‌లో నిలిచిన ఎపిఫనీ కెథెడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. స్తంభాల మీదా, గోపురాల మీదా మన శిల్పం కనబడే గుడి. ఎన్ని పిడికిళ్లు కలిస్తే ఒక స్తంభమవుతుందో నాకు తెలియదు. ఒక పిడికెడు తగ్గిన చేటతో ఆ పూట కడుపులు ఎలా నిండాయో మా అమ్మమ్మకు తెలుసు. ఆ పూట ఆమె వంతు గంజి కాస్త పలచన.

మా నాన్న మంచం దగ్గర

ఇప్పుడు చేదు మాట. మా నాన్నకు షుగరు. కాలి వేలికి పుండు లేచి మానలేదు. ఎవరో చెబితే ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్లాం. పెద్ద పందిరి, హోరెత్తే మైకు. వేదిక మీద ప్రసంగీకుడు, పేరు ఇక్కడ అనవసరం, కొండకు ఆజ్ఞ ఇవ్వండి అని అరిపించాడు. ప్రార్థన నూనె ఇచ్చాడు. ఇకనుంచి మాత్రలు మింగితే దేవుడి మీద అనుమానం ఉన్నట్టే అన్నాడు. నాన్న ఇన్సులిన్ మానేశాడు. నెలన్నరకు గుంటూరులో కాలు మోకాలు కింద దాకా తీసేశారు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. ఆయన పోయాక ఆ ప్రసంగీకుడి మనుషులు వచ్చి చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైందట. మా అమ్మ ఆ మాటను ఏళ్ల తరబడి గుండెల్లో పెట్టుకుని తిరిగింది.

నేను ఆ మాటను నమ్మను, ఇంత పెద్ద పత్రికలో రాస్తున్నాను కూడా. పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు, తీయలేదు. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరంటారు? గెత్సేమనే తోటలో ఆ గిన్నె తొలగించమని యేసే అడిగాడు, తొలగలేదు. కొండల్ని పెకలించేంత విశ్వాసమున్నా ప్రేమ లేకపోతే తాను వట్టివాడినే అని కొరింథీయులకు రాసింది ఆ పౌలే. కొండ మాట చెప్పి ప్రేమ మాట దాచేవాళ్ల దగ్గర జాగ్రత్త.

పైగా మందు మింగడం అవిశ్వాసమనే మాట మన సంఘాల చరిత్రకే అవమానం. గుంటూరులో అన్నా కుగ్లర్ అనే లూథరన్ డాక్టరమ్మ 1883లో వచ్చి, పదిహేనేళ్లు కష్టపడి 1898లో ఆడవాళ్లకు ఆసుపత్రి తెరిచింది. డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. దానికి పెద్ద చేయిచ్చింది నిజామాబాదు దొర రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. అక్కడ రోగులకు హిడ్నోకార్పస్ గింజల నూనెను ఇంజెక్షన్లుగా ఇచ్చారు. ఊళ్లు వెలివేసిన మనుషులకు అక్కడ మంచమూ మందూ దొరికాయి. ప్రార్థనా ఉంది, సూదీ ఉంది, రెంటికీ తగువు లేదు. ఆ రోజుల్లో ఆ సూది వేయడానికి కుష్ఠురోగి చెయ్యి పట్టుకోవాలి. నన్నడిగితే అది ప్రసంగీకుడి కేక కన్నా పెద్ద విశ్వాసం.

నాన్న మంచాన ఉన్న రోజుల్లో మా ఊరి పాస్టరుగారు రోజూ సాయంత్రం వచ్చేవారు. వేడినీళ్లతో పుండు కడిగి కట్టు మార్చేవారు. ప్రార్థన చేసేవారు, చిన్నదే. కొండ అన్న మాట ఒక్కసారీ ఆయన నోట వినలేదు. ఆయన తెల్లచొక్కా చేతులకు ఎప్పుడూ అయోడిన్ మరకలుండేవి.

గట్టు

ఇక ఆ క్షమాపణ సంగతి. తాతయ్య పోయాక అర ఎకరం మెట్ట దగ్గర అమ్మకూ పిన్నికీ గొడవొచ్చింది. గట్టు రెండడుగులు ఇటు జరిపారని అమ్మ, ఎప్పటినుంచో అక్కడే ఉందని పిన్ని. సర్వే గొలుసు వచ్చింది, పెద్దమనుషులు వచ్చారు, తేల్లేదు. పద్నాలుగేళ్లు మాటల్లేవు. ఒకే గుడి, ఒకే ఆరాధన, ఆడవాళ్ల వైపు చాపల మీద ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ప్రభురాత్రి భోజనం ఇద్దరూ తీసుకునేవాళ్లు. పిల్లలం పెళ్లిళ్లలో దొంగచాటుగా మాట్లాడుకునేవాళ్లం.

నాన్న పోయిన ఏడాదికి, శ్రమదినాల్లో ఒక శుక్రవారం కూడికలో మా పాస్టరుగారు మార్కు పదకొండో అధ్యాయం చదివారు. కొండ వచనం దగ్గర ఆగలేదు. ఇంకో రెండు వచనాలు చదివి పుస్తకం మూసేశారు. ప్రసంగం ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చాక అమ్మ అన్నం తినలేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు పొద్దున చీర మార్చుకుని, చిన్న కుండలో బియ్యం ఇంత గిన్నెలోకి వంచుకుని, చెప్పులేసుకుంది. ఎక్కడికమ్మా అంటే పలకలేదు.

తర్వాత పిన్నే చెప్పింది నాకు. గుమ్మంలో అక్కను చూసి నోట మాట రాలేదట. అమ్మ లోపలికి కూడా రాలేదట, అరుగు మీదే కూర్చుని, ఒసే నా వల్ల తప్పు జరిగింది, నన్ను క్షమించవే అందట. పిన్ని, అక్కా నాది కాదా తప్పు అని ఏడ్చిందట. గట్టు మాట ఇద్దరూ ఎత్తలేదు. బియ్యం ఎసట్లో పడింది. మధ్యాహ్నం దాటాక అమ్మ ఇంటికొచ్చింది. ముఖం కడుక్కుని, రాత్రికి ఏం కూర చేయమంటావురా అంది.

ఇది జరిగి మూడేళ్లు. పిన్ని నెలకోసారన్నా వస్తుంది. పొలంలో గట్టు మాత్రం అప్పుడెక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది.